రాతి మీద చేవ్రాలు

రాతి ములికి చెక్కడం నేర్చుకునేవాడికి మొదట మింగుడుపడని సంగతి ఒకటుంది. అంచుకు పదును రావాలంటే ముందు దాన్ని మొద్దుబార్చాలి. రాయి పగిలినచోట పుట్టే అంచు మరీ పల్చన. దానిమీద జింక కొమ్ము మొన ఆనించి నొక్కితే పొడిపొడిగా రాలుతుందే తప్ప పెచ్చు లేవదు. అందుకే ప్రతి పెచ్చుకూ ముందు గరుకురాయితో అంచును రుద్ది, నొక్కుడుకు ఓర్చుకునేంత గట్టిదనం తెప్పించాలి. చూడవచ్చినవాళ్ల కంటికి పెచ్చు ఎగరడమే ఆనుతుంది. పొద్దంతా పోయేది మాత్రం రుద్దడంలోనే.

శాక్రమెంటోలో నాకు ఈ పని నేర్పుతున్న పెద్దాయన విల్లుతో జింకల వేటకు వెళ్లే మనిషి. బాణం పుల్ల, ఈకలు, వింటినారి, ములికి అన్నీ సొంతంగా చేసుకుంటాడు. నాకు వేట మీద ధ్యాస లేదు, ఉన్నదంతా రాయి మీదే. ఆయన పాఠాలు చెప్పే రకం కాదు. నా చెయ్యి తొందరపడినప్పుడు మాత్రం "ఇంకా కాదు" అంటాడు. నేను మళ్లీ గరుకురాయి అందుకుంటాను.

ఈ పనికి అన్ని రాళ్లూ లొంగవు. గ్రానైట్ లాంటి గింజరాయి ఎటు పడితే అటు చిట్లుతుంది. లోపల గింజ, పొర లేకుండా ఒకే తీరుగా ఉండే రాయి కావాలి. చెకుముకి రాయి, చెర్ట్, లావా గబుక్కున చల్లారి గాజుగా మారిన అబ్సీడియన్ అలాంటివి. వీటిలో దెబ్బ తాకిన చోటినుంచి బలం శంకువు ఆకారంలో విచ్చుకుంటూ పోతుంది. పగిలిన ముఖం ఆల్చిప్ప లోపలివైపులా మెత్తటి వంపుతో బయటపడుతుంది. పెచ్చు తనంతట తాను దారి వెతుక్కోదు, అంతకుముందు లేచిన పెచ్చులు మిగిల్చిన గట్టు వెంటే పోతుంది. కాబట్టి ఒక పెచ్చు తీయడమంటే తర్వాతి పెచ్చుకు దారి వేయడం. కోణం కుదరకపోతే పెచ్చు నడుమనే తెగి మెట్టులా ఆగుతుంది. ఆ మెట్టు దగ్గర తర్వాత వచ్చేవి కూడా ఆగిపోతాయి, రాయి నడుమ బొడిపె మిగిలిపోతుంది.

మొదట గుండ్రాయితో కొట్టి పెద్ద పెచ్చు విడదీస్తారు. దాన్ని కొమ్ము ముక్కతో రెండువైపులా కొట్టి పల్చన చేస్తారు. చివరికి అరచేతిలో తోలు ముక్క పరుచుకుని, దానిమీద రాతిని పెట్టి, సన్నటి మొనతో అంచు పొడవునా నొక్కుతూ పోతారు. పుల్లకు కట్టే చోట రెండు గాట్లు పెట్టడం ఆఖరి పని. పూర్తయ్యే ములికి ఎక్కువగా విరిగేదీ అక్కడే. చెర్ట్ మొండికేస్తే ఇసుకలో పూడ్చి నెమ్మదిగా కాల్చి, అంతే నెమ్మదిగా ఆరనిస్తారు. తర్వాత అది తేలిగ్గా పెచ్చులు వదులుతుంది. ఈ పాత కిటుకును ఈ కాలంలో ప్రయోగాలు చేసి చూపినవాళ్లలో ఇడాహోకు చెందిన డాన్ క్రాబ్‌ట్రీ ముఖ్యుడు. 1964లో ఆ వివరాలు అచ్చయ్యాయి. రాతి అంచు మీద ఆయనకు ఎంత గురి అంటే, తనకు జరిగే ఆపరేషన్‌కు తాను చెక్కిన అబ్సీడియన్ పలకలనే వాడమని డాక్టరును ఒప్పించాడు.

ఇందులో ప్రమాదమూ ఉంది. కళ్లద్దాలు లేకుండా కూర్చోకూడదు. గాలి ఆడని గదిలో అసలే కూర్చోకూడదు. చెక్కేటప్పుడు లేచే రాతి ధూళి క్వారీ కూలీల ఊపిరితిత్తులను తినేసే సిలికోసిస్‌ను తెస్తుంది.

వీటన్నిటికంటే నన్ను కట్టిపడేసింది వేరే గుణం. నేను రాసే కాలమ్‌లో కొట్టివేతలు పాఠకుడికి కనబడవు. రాతిలో ఆ వెసులుబాటు లేదు. తీసిందాన్ని తిరిగి అతకలేం, చెరపలేం. ఏ పెచ్చు గుర్తు ఏ గుర్తును కోసుకుంటూ పోయిందో చూస్తే ఏది ముందో ఏది వెనకో తెలుస్తుంది. ఏ చేత్తో, ఏ వాలున నొక్కారో తెలుస్తుంది. నేర్పిన చెయ్యి కూడా అందులో కనబడుతుంది.

అందుకు ఉదాహరణ దగ్గర్లోనే ఉంది. శాక్రమెంటోకు ఉత్తరాన, కారులో గంటకు పైగా వెళితే ఓరోవిల్ వస్తుంది. 1911 ఆగస్టు 29న అక్కడి పశువధశాల దగ్గర ఆకలితో డస్సిపోయిన ఒక మనిషి దొరికాడు. బంగారం వేటలో వచ్చినవాళ్లు తన యాహీ జనాన్ని ఊచకోత కోశాక, మిగిలిన కొద్దిమందితో దశాబ్దాలపాటు కొండల్లో దాక్కుని బతికినవాడు. చివరికి ఒంటరిగా మిగిలాడు. తన పేరు తాను చెప్పుకోవడం వాళ్ల ఆచారం కాదు. ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ అనే మానవశాస్త్రవేత్త ఆయన్ని 'ఇషీ' అని పిలిచాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉంటూ, ఆదివారాలు వచ్చే జనం ముందు ఇషీ ములుకులు చెక్కేవాడు. అబ్సీడియన్‌తో పాటు సీసాల గాజుతోనూ చెక్కేవాడు. దాక్కున్న రోజుల్లోనే యాహీలు తెల్లవాళ్లు పారేసిన సీసాలను ములుకులుగా మార్చుకున్నారు.

పక్కనే ఉన్న ఆసుపత్రి డాక్టర్ శాక్స్‌టన్ పోప్ ఆయన దగ్గర విలువిద్య నేర్చుకున్నాడు, పని జరిగే తీరంతా రాసిపెట్టాడు. కంట్లో పెచ్చు పడితే ఇషీ ఏం చేసేవాడో కూడా రాశాడు. కింది రెప్ప లాగి పట్టుకుని, నేలవైపు వంగి, నడినెత్తిన అరచేత్తో గట్టిగా చరుచుకునేవాడట. రాతి ములికి ఉక్కు ముందు నిలుస్తుందా అని పోప్ పరీక్ష కూడా పెట్టాడు. జింక తోలు కప్పి, లోపల పశువుల కాలేయం నింపిన పెట్టె మీదికి ఒకే బరువున్న రెండు బాణాలు వేశాడు. ఉక్కు ములికి 22 అంగుళాలు దిగితే అబ్సీడియన్ ములికి 30 అంగుళాలు దిగింది. మెత్తటి మాంసంలో రాయిదే పైచేయి. ఎముక తగిలితే మాత్రం అది పెళుసుదనం చూపించేస్తుంది. అందుకే వేటగాడి పొదిలో మరో నాలుగు సిద్ధంగా ఉండాలి.

ఇషీ 1916 మార్చి 25న క్షయతో పోయాడు. ఎనభై ఏళ్ల తర్వాత, 1996లో, బర్క్‌లీ పురాతత్వవేత్త స్టీవెన్ షాక్లీ ఆయన ములుకులను పాత యాహీ నివాసాల్లో దొరికినవాటి పక్కన పెట్టి చూశాడు. పోలిక కుదరలేదు. ఇషీ చెక్కినవి పొడవుగా, సన్నగా, పక్కన గాట్లతో ఉన్నాయి. అవి పొరుగున ఉండే నోమ్‌లాకీ, వింటూ జనాల పనితీరుకు దగ్గర. కాబట్టి ఇషీ రక్తంలో ఆ జనాల పాలు ఉండవచ్చు, లేదా ఆయనకు నేర్పిన మగవాడు అటువైపు బంధువు కావచ్చు అని షాక్లీ అంచనా. ఆ అంచనాతో వాదించేవాళ్లు ఉన్నారు. కానీ పేరు కూడా చెప్పుకోని మనిషి గురించి ఇన్నాళ్లకు కొత్త ప్రశ్న లేచింది ఆయన చేతిపని వల్లే కదా!

మన దగ్గరా ఇలాంటి చదువుకు చోటుంది. నంద్యాల జిల్లా జుర్రేరు లోయలో, జ్వాలాపురం దగ్గరి రాతిచాటు ఆవాసంలో, సుమారు 35 వేల ఏళ్లనాటి చిన్నరాతి పనిముట్లు దొరికాయి. ఈటెలకో కత్తులకో బిగించదగిన బుల్లి పలకలు. వాటితోపాటు వాటిని కొట్టితీసిన దిమ్మలూ, రాలిన పెచ్చులూ ఉన్నాయి. బాగా కుదిరిన పనిముట్టు వేటగాడి వెంట వెళ్లిపోతుంది. చెత్త మాత్రం చేసినచోటే పడుంటుంది. పని ఎలా జరిగిందో తెలుసుకోవాలనుకునేవాడికి ఆ చెత్తే ఎక్కువ చెబుతుంది.

అందుకే మాలాంటి వాళ్లకు ఒక బాధ్యత ఉంది. మా పెరట్లో పోగుపడే పెచ్చులు రేపు ఎవరో తవ్వితే పాతకాలంవి అనుకోవచ్చు. వాటిని పూడ్చేచోట ఒక నాణెం పడేయడం ఈ పనివాళ్లలో చాలామంది పాటించే మర్యాద. ములికి మీద వజ్రపు మొనతో పేరు, సంవత్సరం గీయడం ఇంకో మర్యాద. గీయకపోతే ఆ ములికి చేతులు మారి, వేల ఏళ్ల నాటిదన్న పేరుతో సంతలో అమ్ముడుపోతుంది. నకిలీ ఒక్కటి చేరినా పురాతత్వవేత్త చదివే లెక్క చెడిపోతుంది.

నేనూ గీస్తాను. అందంగా ఉన్న ములికిని సంతకంతో పాడుచేయడం ఎందుకని అడిగిన మిత్రులకు సంతకం లేనిది ఇవ్వను. గీసే పేరు నాదే అయినా, దానివల్ల తెలిసేది తేదీ మాత్రమే. తెలిసినవాళ్లు నా ములికిని వెలుతురుకు తిప్పి, పెచ్చు గుర్తుల వాలు చూసి, ముందుగా పెద్దాయన పేరే అడుగుతారు. అలా అడిగినన్నాళ్లూ నేను సరిగ్గా నేర్చుకుంటున్నట్టే లెక్క.