అరఠావు మీద రెండు రోజుల ప్రయాణం

సత్తెనపల్లి నుంచి పిల్లల్ని రామోజీ ఫిల్మ్ సిటీకీ వండర్లాకీ తీసుకెళ్లే కుటుంబాలు ప్రతి సెలవుల్లోనూ ఉంటాయి. చాలామంది చేసేది ఒకటే. తెల్లారి లేచి బయల్దేరతారు, హైదరాబాదులో చుట్టాలింట్లో దిగుతారు, మర్నాడు ట్రాఫిక్‌లో పడి ఒక పార్కుకి, ఆ మర్నాడు ఇంకో పార్కుకి పోతారు, నాలుగో రోజు ఒకరినొకరు సాధించుకుంటూ ఇల్లు చేరతారు. పోయిన దసరా సెలవుల కోసం మా వదిన రాసిన అరఠావు కాగితం ఒకటి నా దగ్గరుంది. పదకొండు మంది మనుషులు, రెండు పార్కులు, రెండు రోజులు, ఒక అద్దె టెంపో ట్రావెలర్. బండి హైదరాబాదు ఊళ్లోకి అడుగైనా పెట్టదు. ఆ కాగితంలో ఉన్న పనితనం గురించి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

వదిన ఏ కంపెనీలోనూ పనిచెయ్యలేదు. మిరప కోతల కాలంలో ముప్పై నలభై మంది కూలీలకు ముందురోజు రాత్రే ఆటో మాట్లాడటం, ఎవరు ఏ చేలో ఉండాలో చెప్పడం, నీళ్ల క్యాన్లు, మజ్జిగ, కూలి లెక్క చూసుకోవడం ఇన్నేళ్లుగా ఆమె పని. ఒక్క మనిషి రాకపోతే ఏ సాలు మిగిలిపోతుందో ఆమెకు తెలుసు. ఈ కాగితం చదువుతుంటే ఆ లెక్క తెలిసిన చెయ్యే కనిపిస్తుంది.

ముందు దారి సంగతి. రామోజీ ఫిల్మ్ సిటీ ఉన్నది అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో, విజయవాడ హైవేని ఆనుకుని. మనవైపు నుంచి వెళ్లేవాళ్లకు అది హైదరాబాదు కంటే ముందే, ఔటర్ రింగ్ రోడ్డు కంటే కూడా ముందే వస్తుంది. వండర్లా రావిర్యాల దగ్గర, ఔటర్ పక్కనే ఉంది. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కితే అది 11వ ఎగ్జిట్, వండర్లాకు దిగేది 13వ ఎగ్జిట్. మధ్యలో ఉన్నది బొంగ్లూరు ఒక్కటే, మొత్తం అరగంట దారి. అంటే ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ మొహం చూడకుండానే రెండు పార్కులూ చుట్టి రావచ్చు. మ్యాపు తెరిస్తే అందరికీ కనిపించే విషయమే. కానీ ఊళ్లోకి వెళ్లి మళ్లీ బయటికి రావడం అనేది మనకు అలవాటైపోయింది. హైదరాబాదు అంటే చుట్టాలిల్లు, చుట్టాలిల్లు అంటే ఊరి నడిబొడ్డు. వదిన కాగితం మధ్యలో ఒక అడ్డగీత గీసి, దాని కింద మూడు చుక్కలు పెట్టింది: రామోజీ, అంబర్‌పేట, రావిర్యాల. మిగతాదంతా ఆ మూడు చుక్కల చుట్టూ అల్లిందే.

ఆ గీతకు ఇవతలి కొస మన రోడ్డు. సత్తెనపల్లి దాటి రాజుపాలెం మీదుగా కొండమోడు చేరితే అద్దంకి–నార్కట్‌పల్లి నాలుగు వరసల రోడ్డు తగులుతుంది. సున్నపు బట్టీల పిడుగురాళ్ల, దాచేపల్లి, పొందుగుల, కృష్ణ వంతెన, అవతల వాడపల్లి, దామరచర్ల, మిర్యాలగూడ, నార్కట్‌పల్లి. అక్కడ విజయవాడ హైవే ఎక్కి చిట్యాల, చౌటుప్పల్ దాటితే రామోజీ. మొత్తం సుమారు 200 కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరాలని రాసుంది. ఎందుకో కాగితంలో లేదు గానీ లెక్క వేస్తే తెలుస్తుంది: ఆరు దాటేసరికి బండి కృష్ణ మీద ఉంటుంది. ఆ చోట వదిన ఒక మాట రాసింది: ‘వంతెన మీద ఆపకూడదు. అత్తయ్యకు రూపాయి బిళ్ల పొందుగుల్లోనే చేతికివ్వాలి. ఎడమ కిటికీ.’ మా అమ్మ కృష్ణ దాటుతూ బిళ్ల వెయ్యకుండా ఉండదు, డ్రైవర్ని ఆపమని గోల చేస్తుంది. రద్దీ రోడ్డు మీద, వంతెన మధ్యలో ఆ గోల ఎంత ప్రమాదమో వదిన ముందే ఊహించి, కాదనకుండా, కోప్పడకుండా, ఒక రూపాయితో తేల్చేసింది. పైగా వాయవ్యానికి పోయే బండిలో పొద్దుటెండ పడేది కుడివైపు. ఎడమ కిటికీ అమ్మకు రెండు విధాలా కలిసొచ్చింది.

తేదీ ఎలా కుదిరిందో చూడాలంటే కొట్టివేతలు చదవాలి. కాగితం వెనకవైపు మూడు కాలాలు రాసి రెండిటిని అడ్డంగా కొట్టేసింది. మొదటిది వేసవి. రెంటచింతల ఎండ ఎలా ఉంటుందో పల్నాడు వాళ్లకు ఒకరు చెప్పాలా? అరవై దాటిన మనుషుల్ని మేలో ఫిల్మ్ సిటీలో నడిపించకూడదని అక్కడే తేలిపోయింది. రెండోది సంక్రాంతి. అప్పుడు హైదరాబాదు సగం ఆంధ్రాకి కదులుతుంది, పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన కార్ల ఫొటో ఏటా పేపర్లో వస్తుంది. ఆ రద్దీ తగ్గించడానికి గుంటూరు వైపు పోయే బళ్లను పోలీసులు నార్కట్‌పల్లి దగ్గర మళ్లించేది కూడా మన మిర్యాలగూడ రోడ్డుకే. పోయేటప్పుడు దారి ఖాళీగా ఉన్నా, పండక్కి తిరిగొచ్చేటప్పుడు ఇరుక్కుంటాం. మిగిలింది దసరా. మిరప నారు నాటి, కలుపు తీయించి, పత్తి తీత మొదలవకముందు దొరికే సందు అది. అందులోనూ శని, ఆదివారాలు కాదు, మంగళ, బుధవారాలు. పార్కులు ఖాళీగా ఉండేది వారం మధ్యలోనే కదా.

ఇక్కడ మా అమ్మ అడ్డం తిరిగింది. మంగళవారం ప్రయాణమేమిటి, అందులోనూ మంగళ, బుధవారాలు ఉత్తరానికి శూల, హైదరాబాదు ఉన్నది అటే కదా అంది. వదిన వాదించలేదు. కాగితంలో ఒక్క వాక్యం చేర్చింది: ‘సోమవారం సాయంత్రం పెద్ద బ్యాగు ఎదురింట్లో పరస్థానం.’ ముందురోజే మంచి వేళ చూసి సామాను ఒకటి వేరే ఇంట్లో పెడితే ప్రయాణం అప్పుడే మొదలైనట్టు. పెద్దవాళ్లకు తెలిసిన ఉపాయమే. కానీ వదిన దాన్ని వాడిన తీరు చూడండి. ఎదురింటికి పంపింది పెద్ద బ్యాగుని, అంటే తెల్లవారుజామున సర్దుడు గందరగోళంలో ఎక్కువ చోటు ఆక్రమించేదాన్ని. ఆచారం నిలిచింది, ఇల్లూ ఖాళీ అయింది.

పిల్లల సంగతికి వస్తే, వాళ్ల పేర్ల పక్కన వయసులు లేవు, ఎత్తులున్నాయి. వండర్లాలో టిక్కెట్టు ఎత్తును బట్టి ఉంటుంది. 85 సెంటీమీటర్ల లోపు వాళ్లకు టిక్కెట్టు లేదు, 140 వరకు పిల్లల టిక్కెట్టు, ఆపైన పెద్దల టిక్కెట్టు. గుండె జారే పెద్ద రైడ్లు ఎక్కాలన్నా ఎత్తే కొలమానం. వదిన అందరినీ తలుపు వారకు నిలబెట్టి టేపుతో కొలిచింది. మా అన్నయ్య రెండోవాడి పేరు పక్కన 138 అని రాసి, దాని కింద గీత గీసి, ‘పెద్ద రైడ్లు లేవు. ఇంటి దగ్గరే చెప్పాలి’ అని రాసింది. వరసలో నిలబడి, గేటు దగ్గర ఎత్తు పట్టీ కింద రెండు సెంటీమీటర్లు తక్కువై వెనక్కి తిరిగొచ్చే పదేళ్ల పిల్లవాడి మొహం ఎలా ఉంటుందో తల్లికి తెలుసు. ఆ ఏడుపు ఏడవాల్సింది సత్తెనపల్లిలో, రావిర్యాలలో కాదు అన్నది ఆమె లెక్క. నాకు ఈ కాగితంలో బాగా నచ్చిన రెండు వాక్యాల్లో ఇది ఒకటి.

రామోజీని ముందు పెట్టి వండర్లాను రెండో రోజుకు ఉంచడంలోనూ ఆలోచన ఉంది. 1996లో మొదలై, 1,666 ఎకరాలతో ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియోగా గిన్నిస్‌కెక్కిన చోటు రామోజీ. కాళ్లతో చూడ్డం కుదరదు, బస్సులే తిప్పుతాయి. కాబట్టి తెల్లవారుజామున లేచిన ముసలివాళ్లకు అది నయం. సినిమాలతో ముడిపడిన చోటు కనుక పెద్దవాళ్లకు చెప్పుకోవడానికి మాటలుంటాయి. (మనవాళ్లకు సినిమా మీద సొంత హక్కు కూడా ఉందనుకోండి. బ్రహ్మానందం పుట్టిన చాగంటివారిపాలెం మనకు కూతవేటు దూరం.) రెండో రోజు వండర్లాలో మాత్రం పెద్దవాళ్లకు పనేమీ లేదు. అక్కడ వదిన చుట్టాల సమస్యనూ దీనితోనే కలిపి తేల్చింది. వనస్థలిపురంలో మా చిన్నాన్న కొడుకు ఉన్నాడు. వెళ్లకపోతే నిష్ఠూరం, పదకొండు మందీ వెళ్తే పూట గడిచిపోతుంది. అందుకని బుధవారం పొద్దున్నే వాడే వచ్చి, మేం రాత్రి దిగే అంబర్‌పేట లాడ్జి దగ్గర అమ్మనూ పెదనాన్ననూ తీసుకుపోతాడు, సాయంత్రం అదే చోటికి తెచ్చి దింపుతాడు. చుట్టరికం నిలిచింది, రెండు టిక్కెట్లు మిగిలాయి, ఎండలో బెంచీ మీద కూర్చుని పిల్లల బ్యాగులు కాసే బాధ అమ్మకు తప్పింది.

డబ్బు లెక్కలో నన్ను ఆపింది టోలు వరస. మా తమ్ముడు ఫాస్టాగ్ వార్షిక పాస్ గురించి గొప్పగా చెప్పాడట. 2025 ఆగస్టు 15 నుంచి వచ్చింది, అప్పట్లో మూడు వేలకు రెండువందల ట్రిప్పులు. వదిన జవాబు నాకు చదివి వినిపించింది: ‘ఆ పాసు సొంత కార్లకి మరిదిగారూ, మనది ఎల్లో ప్లేటు. అయినా అది నేషనల్ హైవేల మీదే. తుమ్మలచెరువు, మాడ్గులపల్లి గేట్లు స్టేట్ రోడ్డువి, అక్కడ పాసు పనిచెయ్యదు.’ బండి మాట్లాడేటప్పుడు కూడా రేటు కంటే ముందు అడిగింది తెలంగాణ పర్మిట్ ఉందా అని. అప్పట్లో ఉన్న వాడపల్లి చెక్‌పోస్టు దగ్గర బండి ఆగిపోతే తొమ్మిదింటికి రామోజీ గేటు దగ్గర ఉండటం అనే మాటే ఉండేది కాదు.

ఇలాంటి కాగితానికి తెలుగులో పెద్ద పూర్వీకుడే ఉన్నాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా చేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న ఇంటివాళ్లు, బోయీలు, నౌకర్లు కలిసి దాదాపు వందమందితో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. మజిలీ మజిలీకీ నీళ్లున్నాయా, కొట్లున్నాయా, దిగడానికి చోటుందా అని రాసుకుంటూ పోయాడు. ఆ సంగతులను ఆయన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ల 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చువేయించాడు. వీరాస్వామయ్య నీళ్లూ కొట్లూ రాసుకున్న చోట వదిన ‘బాత్రూమ్ బాగుంది, బాగాలేదు’ అని రాసింది. ఆడవాళ్లు, షుగరున్న పెద్దవాళ్లు ఉన్న బండికి అంతకంటే ముఖ్యమైన సమాచారం లేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. రామోజీలో గేటు చేరిన దగ్గర్నుంచి లోపల మొదటి సెట్టు చూసేదాకా పట్టే సమయాన్ని వదిన తక్కువ వేసింది. టిక్కెట్టు, బస్సు, మళ్లీ బస్సు కలిస్తే గంట హరించుకుపోతుంది. అందువల్ల సీతాకోకచిలుకల తోట చూడకుండానే రావాల్సొచ్చింది, పిల్లలు ఇప్పటికీ దెప్పుతున్నారు. బయటి తిండి పార్కుల్లోకి రానివ్వరు కనుక పులిహోర డబ్బాలు బండిలోనే ఉంచాలని రాసింది గానీ, సెప్టెంబరు ఎండలో మూసిన బండిలో అవి సాయంత్రానికి ఏమవుతాయో రాయలేదు. ఫొటోలకూ బొమ్మలకూ వేసిన డబ్బు మొదటి రోజు మధ్యాహ్నానికే అయిపోయింది. అయితే మొదటి రోజు సాయంత్రం ఆరు నుంచి పడుకునేదాకా ఏమీ రాయకుండా ఖాళీగా వదిలేసింది. ఆ ఆలస్యాలన్నిటినీ మింగింది ఆ ఖాళీయే.

నాకు నచ్చిన రెండో వాక్యం కాగితం అడుగున, డ్రైవర్ పేరు పక్కన ఉంది. మిగతా పదకొండు మందికీ ఒక్కో వరస ఉన్నట్టే అతనికీ ఒక వరస ఉంది. అతని తిండి, లాడ్జిలో అతని మంచం, ఆ తర్వాత ఇది: ‘బుధవారం 12 నుంచి 4 దాకా పడుకోవాలి. ఎవరూ ఫోన్ చెయ్యొద్దు.’ మనం పార్కులో తిరిగినంతసేపూ డ్రైవర్ తీరిగ్గానే ఉన్నాడనుకుంటాం. నిజానికి అతను పార్కింగులో ఎండకు బండి జరుపుతూ, ‘బ్యాగు తెచ్చివ్వు, ఛార్జర్ చూడు’ అన్న ఫోన్లు ఎత్తుతూ ఉంటాడు. బుధవారం సాయంత్రం ఔటర్ ఎక్కి, అంబర్‌పేటలో పెద్దవాళ్లను ఎక్కించుకుని, అలసిపోయి నిద్రపోయే పదకొండు మందిని చీకట్లో మిర్యాలగూడ రోడ్డు మీదుగా తీసుకురావాల్సింది అతనొక్కడే. వదిన మాట విని ఆ నాలుగు గంటలూ ఎవరూ అతన్ని లేపలేదు. బండి రాత్రి పదకొండు కాకముందే ఇంటి ముందు ఆగింది.

ఈ సెలవులకు అటు వెళ్లేవాళ్లు మీ దారి మీరు ఎలాగైనా వేసుకోండి. డ్రైవర్ నిద్ర గంటలకు మాత్రం కాగితంలో ఒక వరస వదలండి.