ఉన్నత పాఠశాలలో సాహిత్యబోధన - విశ్లేషణాత్మక రచన: ‘దిద్దుబాటు’ కథ ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఉన్నత పాఠశాల విద్యార్థి సాహిత్యపాఠంపై రాసే సమాధానం చాలావరకు సారాంశ, సందేశాల వద్దే ఆగిపోతుంది. పాఠంలోని ఆధారాన్ని గుర్తించి, దాని నుంచి ఒక నిర్ణయానికి వచ్చే పద్ధతిని గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’ కథ ద్వారా ఎలా అభ్యసింపజేయవచ్చో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సాహిత్యబోధన, విశ్లేషణ, దిద్దుబాటు, వ్యాఖ్యానసంప్రదాయం, మూల్యాంకనం.

1. ఉపోద్ఘాతం:
చదువును బట్టీ పద్ధతి నుంచి తప్పించాలని జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం-2005 సూచించింది. తెలుగు వాచకాలలో ‘అవగాహన - ప్రతిస్పందన’, ‘వ్యక్తీకరణ - సృజనాత్మకత’ అనే అభ్యాసవిభాగాలు కూడా చోటుచేసుకున్నాయి. ప్రశ్న మారినంతగా జవాబు మారలేదు. సొంతమాటల్లో రాయమన్న ప్రశ్నకూ గైడులో అచ్చైన జవాబే సమాధానపత్రానికి ఎక్కుతున్నది. జవాబును నిర్మించుకునే పద్ధతిని తరగతిలో నేర్పకపోవడమే ఇందుకు ప్రధాన కారణం.

2. సారాంశం వద్ద ఆగిన పఠనం:
‘దిద్దుబాటు’ 1910లో వెలువడింది. సాని పాటల మోజులో పడిన గోపాలరావును చదువుకున్న భార్య కమలిని యుక్తితో సరిదిద్దిందనేది కథాసారం. స్త్రీవిద్య ఆవశ్యకత సందేశం. ఈ రెండు మాటలూ తప్పు కావు. అయితే వీటిని రాయడానికి కథ చదవవలసిన అవసరం లేదు. చదవకుండా రాయగల జవాబు అవగాహనను కొలవలేదు.

3. ఆధారం నుంచి నిర్ణయానికి:
కథలోని సంభాషణలు వ్యావహారికంలో సాగుతాయి. కమలిని ఉత్తరం మాత్రం గ్రాంథికంలో ఉంది. వ్యావహారికం కోసం పోరాడిన రచయిత కథలో ఈ భేదం యాదృచ్ఛికం కాజాలదు. ‘ఉత్తరం భాష ఎందుకు మారింది?’ అన్న ఒక్క ప్రశ్న తరగతిని మళ్లీ పాఠంలోకి పంపుతుంది. అది భర్తపై కోపాన్ని, ఎడాన్ని సూచిస్తుందని ఒక విద్యార్థి అనవచ్చు. నాటి చదువుకున్నవారి లిఖితభాష గ్రాంథికం కనుక అది కమలిని విద్యకు గుర్తని మరొకరు వాదించవచ్చు. కోపమే నిజమైతే, చివర మంచం కింద నుంచి వినిపించే ఆమె నవ్వును ఎలా సమన్వయించాలి? ఈ ప్రశ్నతో మొదటి విద్యార్థి తన ప్రతిపాదనను సవరించుకోవలసి వస్తుంది: ఆ గాంభీర్యం కూడా నాటకంలో భాగం కావచ్చు. ప్రతిపాదన, ఆధారం, అన్వయం, సవరణ అనే క్రమమే విశ్లేషణ.

నౌకరు రాముడి మాండలికం మరొక ఆధారం. ఇంట్లో అటువంటి మాటతీరే ఉన్న విద్యార్థి ఆ పలుకును తప్పుగానో హాస్యంగానో చూడడం నేర్చుకుంటే నష్టం అతనిదే. యజమాని స్త్రీని గొప్పగా పొగుడుతుంటే విని, తన అనుభవంతో తూచగలిగే పాత్రగా రాముణ్ణి చదివినప్పుడు, ఆ విద్యార్థి భాష కూడా విశ్లేషణకు యోగ్యమవుతుంది.

4. వ్యాఖ్యానసంప్రదాయం:
ఈ పద్ధతి తెలుగునేలకు కొత్త కాదు. మూలంలో లేనిది రాయనని, అపేక్షితం కానిది చెప్పనని కోలాచలం మల్లినాథసూరి తన వ్యాఖ్యానాలకు నియమం విధించుకున్నాడు. పదవ తరగతి విద్యార్థి జవాబుకు ఇంతకంటే స్పష్టమైన ప్రమాణం అక్కరలేదు.

5. మూల్యాంకనం:
వందల పత్రాలు దిద్దే ఉపాధ్యాయుడికి భిన్నమైన జవాబులు భారమవుతాయన్న అభ్యంతరం సహేతుకమే. మార్కులు నిర్ణయానికి కాక ఆధారానికి, అన్వయానికి కేటాయిస్తే ఈ భారం కొంత తగ్గుతుంది. అప్పుడు ఎదురుబొదురు నిర్ణయాలకు వచ్చిన ఇద్దరికీ సమానమైన మార్కులు రావచ్చు. అయితే ఈ క్రమాన్ని కూడా అచ్చు నమూనాగా అందిస్తే, పాత బట్టీ స్థానంలో కొత్త బట్టీ చేరుతుంది. అందుకే పరీక్షలో తరగతిలో చర్చించని భాగంపై ఒక ప్రశ్నైనా ఉండాలి.

6. ముగింపు:
కథ ఏం చెప్పిందో రాయించడంతో పాటు, ఆ మాట కథలో ఎక్కడుందో చూపించమని అడగడం సాహిత్యబోధనకు కనీస ధర్మం. విశ్వవిద్యాలయ స్థాయి పరిశోధనలో కనిపించే సారాంశధోరణికి మూలాలు ఉన్నత పాఠశాల సమాధానపత్రంలోనే ఉన్నాయి. దిద్దుబాటు అక్కడ మొదలుకావాలి.