కరుణరసంలో పాఠకుని కర్తృత్వం: ‘ప్లానెట్‌ఫాల్’ పరిశీలన

భట్టనాయకుడు ప్రతిపాదించిన సాధారణీకరణ సిద్ధాంతంలో సహృదయుడు భోక్తయే గాని కర్త కాడు. బమ్మెర పోతన గజేంద్రమోక్షణ ఘట్టంలో పాఠకుడు ఏనుగు మొర వినగలడే గాని మొసలి పట్టు విడిపించలేడు. పాఠకుడే పాత్రయై కథను నడపవలసిన రచనకు ఈ సిద్ధాంతం ఎంతవరకు వర్తిస్తుందన్నది విచారణీయం.

స్టీవ్ మెరెట్‌స్కీ రచించగా ఇన్ఫోకామ్ సంస్థ 1983లో గృహ కంప్యూటర్ల కోసం వెలువరించిన వైజ్ఞానిక కల్పన ‘ప్లానెట్‌ఫాల్’ అట్టిది. ఇందులో బొమ్మలు లేవు. తెరపై వాక్యాలు కనిపిస్తాయి. పాఠకుడు చిన్న చిన్న ఆజ్ఞావాక్యాలు టైపు చేస్తే కథ సాగుతుంది. అంతరిక్షనౌక పేలిపోగా మనుషుల జాడలేని గ్రహం చేరిన చిరుద్యోగి పాత్ర పాఠకునిది. అక్కడ అతనికి తోడు ఫ్లాయిడ్ అనే పసిమనసు గల రోబో.

ప్రయోగశాలలోని కార్డును తెచ్చేందుకు ఫ్లాయిడ్ తానే ముందుకు వస్తాడు. అయితే తలుపు తెరవవలసినదీ, లోపలి వికృతజీవులు బయటపడకుండా వెంటనే మూయవలసినదీ పాఠకుడే. ఫ్లాయిడ్ కార్డుతో తిరిగివచ్చి అతని ఒడిలో మరణిస్తాడు. ఈ శోకంలో అపరాధభావం కలిసి ఉంది. ‘తలుపు మూయి’ అన్న ఆజ్ఞ పాఠకునిదే కనుక అది పూర్తిగా సాధారణీకృతం కాదు. పూర్తి విజయం సాధించిన ముగింపులో ఫ్లాయిడ్ బాగుపడి తిరిగి రావడం ఆ భారాన్ని తేలిక చేస్తుంది. రచనలోని బలహీనత అదే.

కనుక ఇట్టి రచనల్లో కరుణకు ఆలంబనం మరణించిన పాత్ర మాత్రమే కాదు, తలుపు మూసిన పాఠకుడు కూడా.