ఇంటిబడికి ఏ పుస్తకం?

తెలుగు రాష్ట్రాలకు బయట తెలుగు చదువుకొంటున్న విద్యార్థులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మా ఇంట్లో పిల్లలకు తెలుగు నేర్పాలి. మంచి పుస్తకం ఏది?" అడిగేవారిలో పిల్లల తల్లిదండ్రులున్నారు, తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేర్పాలనుకొనేవారూ ఉన్నారు. బడిలో తెలుగు దొరకనప్పుడు ఇల్లే బడి కావాలి. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం చెబుతోంది. ఆచరణలో ఆ వసతి అన్నిచోట్లా తరగతి గది దాకా రాలేదు. తమిళనాడులో 2006 నాటి చట్టం ఒకటో తరగతి నుంచి తమిళాన్ని తప్పనిసరి చేసిన తర్వాత తెలుగు చదువు భారం మరింతగా ఇంటిమీద పడింది. యానాం పిల్లల సంగతి వేరు. వారి చుట్టూ ఉన్నది తెలుగే. హోసూరు, బెంగుళూరు, బరంపురం, షోలాపూరు పిల్లలకు ఆ అదృష్టం లేదు.

కనుక ఈ ప్రశ్న న్యాయమైనదే. అయితే పుస్తకం పేరు చెప్పి ఊరుకొంటే సరిపోదు. ఏ పుస్తకం ఎలాంటి పిల్లవాణ్ణి దృష్టిలో పెట్టుకొని పుట్టిందో చూడాలి.

అందరికీ మొదట గుర్తొచ్చేది పెద్దబాలశిక్ష. 1832లో పుదూరు చదలువాడ సీతారామశాస్త్రి కూర్చిన బాలశిక్ష క్రమంగా పెరిగి ఈ రూపానికి వచ్చింది. వర్ణమాల, గుణింతాలు, రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు, నీతివాక్యాలు, సంవత్సరాల పేర్లు, తిథులు, నక్షత్రాలు - ఒక ఇంటికి కావలసిన సరంజామా అంతా ఒకచోట ఉంటుంది. దాని విలువను మేము తక్కువ చేయటం లేదు. కానీ ఆ పుస్తకం ఎదుట కూర్చున్న ఆనాటి పిల్లవాడికి తెలుగు ముందే వచ్చు. వాడికి రానిది అక్షరం ఒక్కటే. మాట తెలిసిన పిల్లవాడికి రాత నేర్పే పుస్తకమది. మన పిల్లల్లో చాలామందికి మాటే సగం సగంగా వచ్చు. అలాంటి పిల్లకు "అల, వల, తల" అని వల్లె వేయిస్తే గొంతు పలుకుతుంది, అర్థం అందదు.

ఈ పొరపాటు మేమూ చేశాం. మా పెద్దమ్మాయికి ఆరేళ్లప్పుడు పెద్దబాలశిక్ష ముందు పెట్టుకొని కూర్చున్నాం. ఆరు నెలల్లో గుణింతాలన్నీ అప్పజెప్పింది. ఒకనాడు వాళ్ల నాయనమ్మ "దప్పికేస్తా ఉంది, చెంబుతో నీళ్లు తేమ్మా" అంటే, "దప్పిక అంటే ఏమిటి?" అని మమ్మల్ని అడిగింది. అక్షరాలన్నీ వచ్చిన పిల్లకు ఇంట్లో మాట రాలేదు. లోపం పిల్లది కాదు, మా వరసది.

పెద్దబాలశిక్ష పట్టించుకోని మరో సంగతి ఉంది. మన పిల్లలు తెల్లకాగితాలు కారు. బడిలో మరో లిపి నేర్చుకొనే వస్తున్నారు. ఇంటిబడికి అది అడ్డంకి అనుకొంటారు గాని, నిజానికి అది పెట్టుబడి. కన్నడం చదివే పిల్లకు తెలుగు లిపి దాదాపు సగం వచ్చినట్లే. రెండూ ఒకే తల్లి పిల్లలు. తలకట్టు తీరులోనూ కొన్ని అక్షరాల్లోనూ తేడా చూపితే చాలు. ఆమెకు మళ్లీ ఓనమాల నుంచి మొదలుపెట్టటం కాలహరణం. తమిళం చదివే పిల్లకు ఎ-ఏ, ఒ-ఓ తేడా కొత్త కాదు, తమిళంలోనూ ఉంది. కానీ క-గ, త-ద అక్కడ ఒకే అక్షరం. కనుక ఆమెకు కుడి-గుడి, తడి-దడి వంటి జంటలతో పని. ఒడియా, మరాఠీ చదివే పిల్లల కష్టం దీనికి తిరగబడుతుంది. క-గ వాళ్లకు నల్లేరు మీద బండి. ఎ-ఏ, ఒ-ఓ తేడాను వాళ్ల లిపులు చూపవు. వాళ్లకు కావలసినవి మెడ-మేడ, కొన-కోన. మరాఠీ పిల్లకు ఇంకొక లాభముంది: "చాలు"లోని చకారానికీ "చిన్న"లోని చకారానికీ ఉన్న తేడా ఆమె చెవికి ముందే తెలుసు. అన్ని ప్రాంతాల పిల్లలకూ ఒకే వాచకం ఎందుకు కుదరదో ఇక్కడే తెలుస్తుంది. ఈ జంటల పట్టిక ఒక కాగితం మీద ఎవరి ఇంట్లో వాళ్లు రాసుకోవచ్చు.

రెండో పేరు చందమామ. 1947 జులైలో మద్రాసులో పుట్టిన ఈ పత్రిక తమిళంలో అంబులిమామగా కూడా వచ్చింది. తర్వాత కన్నడ, మరాఠీ, ఒడియా భాషల్లోకీ వెళ్లింది. ఇప్పుడు ఆగిపోయినా పాత సంచికలు దొరుకుతున్నాయి. బయటి తెలుగువారికి దీనిలో ఉన్న సౌకర్యాన్ని తగినంతగా గుర్తించినట్లు లేదు. ఒకే కథను పిల్ల బడి భాషలో ముందు చదువుకోవచ్చు, తర్వాత తెలుగులో చదవవచ్చు. కథ తెలిసి ఉంటుంది కనుక తెలియని మాట భయపెట్టదు. కొడవటిగంటి కుటుంబరావు తీర్చిన ఆ వచనం సూటిగా, చిన్న వాక్యాలతో నడుస్తుంది. ఒక పరిమితిని మాత్రం మరవకూడదు. అది ఒక ప్రాంతపు శిష్టజనుల భాషకు దగ్గరైన తెలుగు. రాజు నుంచి కట్టెలు కొట్టేవాడి దాకా అందరూ ఇంచుమించు ఒకే తీరున మాట్లాడతారు.

అసలు సమస్య ఇక్కడే ఉంది. హోసూరు ఇంట్లో అవ్వ "వస్తా ఉండాడు" అంటుంది. బరంపురం ఇంట్లో "ఏటి" అంటారు. తెలంగాణ నుంచి షోలాపూరు వెళ్లి స్థిరపడిన నేతపని ఇళ్లలో "గట్ల" అంటారు. పుస్తకంలో "వస్తున్నాడు", "ఏమిటి", "అలా" అని ఉంటుంది. అప్పుడు నేర్పే పెద్దలు ఏం చేస్తున్నారు? "మనది మంచి తెలుగు కాదమ్మా, పుస్తకంలో ఉన్నదే సరైంది" అంటున్నారు. ఈ మాట ఎన్నో ఇళ్లలో విన్నాం. ఆ మాట విన్న అవ్వ మనవరాలితో తెలుగులో మాట్లాడటం తగ్గిస్తుంది. పిల్ల పుస్తకం మూసేశాక మాట్లాడుకోవటానికి తెలుగు మనిషి మిగలదు. ఒక వాచకం తెలుగు నేర్పబోయి ఇంట్లో ఉన్న తెలుగును మూగబుచ్చటమంటే ఇదే.

దీనికి విరుగుడు మన దగ్గరే ఉంది. పులికాటు సరస్సు ఒడ్డు పలుకుబడిలో స.వెం. రమేశ్ రాసిన ప్రళయకావేరి కథలు చదివితే, అంచున ఉన్న తెలుగుకు ఎంత సత్తువ ఉందో తెలుస్తుంది. తెలుగు ఇంట పుట్టి తమిళంలో రాసిన కి. రాజనారాయణన్, తెలుగువారి వలస కథను "గోపల్లపురం" నవలగా మలిచారు. దాని కొనసాగింపునకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. వీటిని చిన్నపిల్లల చేతికి ఇమ్మనటం లేదు. నేర్పేవాళ్లు చదవాలి. ఇంటి మాట మీద సిగ్గు పోవటానికి ఇంతకంటె మంచి మందు లేదు.

ఇంకా స్ఫూర్తి కావాలంటే గిడుగు రామమూర్తిని తలచుకోవాలి. ఆయన ఉపాధ్యాయుడుగా పనిచేసిన పర్లాకిమిడి 1936 నుంచి ఒడిషాలో ఉంది. వాడుక తెలుగు కోసం పోరాడినవాడుగానే ఆయన్ను స్మరిస్తాం. అంతకుముందే ఆయన సవరల భాష నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు రాసి, సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పే బడులు పెట్టారు. ఆయన పిల్లల నోట ఉన్న మాట దగ్గర మొదలుపెట్టి పుస్తకం దగ్గరకు వెళ్లారు. మనం పుస్తకం దగ్గర మొదలుపెట్టి మాట దగ్గరకు రావాలని చూస్తున్నాం.

కాబట్టి అడిగినవారికి మా జవాబు ఇది. మొదటి పుస్తకం కొనవద్దు, రాయండి. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఒక కథను వారు చెప్పినట్లే, "ఉండాడు"ను "ఉన్నాడు"గా దిద్దకుండా, పెద్ద అక్షరాలతో ఒక నోటుపుస్తకంలో రాయండి. పిల్ల దాన్నే మొదటి పాఠంగా చదవనివ్వండి. ఇలాంటివి పది అయ్యాక చందమామ తెరవండి. "మనం ఇలా అంటాం, వాళ్లు అలా అంటారు" అని చెప్పండి. తప్పు ఒప్పుల మాట ఎత్తకండి. పెద్దబాలశిక్ష ఆ తర్వాత రావచ్చు. అప్పటికి పిల్ల దగ్గర మాట ఉంటుంది, అక్షరం దానికి పనికొస్తుంది. ఇక ఆలస్యం చేయకూడనిది ఒక్కటే. కొత్త పుస్తకం వచ్చే ఏడాదైనా దొరుకుతుంది. కథ చెప్పే అవ్వ విషయంలో ఆ ధీమా లేదు.