ఐదు సూదిపోట్లు

కనుబొమల మధ్య గీతలు పోగొట్టడం ఒక ఎత్తు, ఆ ముఖంలో కళ పోకుండా చూడడం ఒక ఎత్తు. తిరుపతిలో ఒక చర్మవైద్యురాలి చేతిపనిని దగ్గర నుంచి చూశాక ఆమె మీద గౌరవం పెరిగింది.

ఆమె ముందే సూది పట్టరు. "అమ్మా, కోపంగా చూడండి" అంటారు. తర్వాత ఆశ్చర్యపోమంటారు, నవ్వమంటారు. ఏ కండరం ఎంత బలంగా లాగుతోందో, రెండు పక్కలకూ తేడా ఎంతో కనిపెట్టి పెన్సిల్‌తో చుక్కలు పెడతారు.

ఆ కండరాలను వదులు చేసే మందు బొటాక్స్. దాని వంద యూనిట్ల సీసాలో ఉన్న పొడి కంటికి ఆనదు. అందులోకి 2.5 మి.లీ. సెలైన్. సీసాలోని శూన్యం దాన్ని తనంతట తానే లాక్కోవాలి; లాక్కోకపోతే సీసా పారేస్తారు. కుదపరు, మెల్లగా తిప్పుతారు.

ఇక అసలు పని. ముక్కు మొదలు దగ్గర ఒక పోటు, అటూ ఇటూ రెండేసి. చోటుకు 4 యూనిట్లు, మొత్తం 20. కనుబొమను ముడిచే కండరం లోపలి కొస ఎముకను అంటుకుని ఉంటుంది, బయటి కొస చర్మం దగ్గరికి తేలుతుంది. అందుకే లోపలి పోటు లోతుగా, బయటిది పైపైన. ఆ బయటి పోటు కంటి ఎముక అంచుకు సెంటీమీటరు పైనుండాలి. మందు కిందికి పాకితే కొన్ని వారాలు రెప్ప వాలిపోతుంది. ఆమె ఎడమ బొటనవేలు ఆ అంచును నొక్కిపట్టే ఉంటుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ వేలే.

ఈ మందు మొదట కంటివైద్యులది. వాంకూవర్‌లో జీన్ కరూథర్స్ కంటిరెప్పల బిగువుకు వాడుతూ, కనుబొమల మధ్య గీతలు కూడా పోవడం గమనించారు. చర్మవైద్యుడైన భర్త అలస్టైర్‌తో కలిసి 1992లో ప్రచురించారు. అమెరికా 2002లో ఈ గీతలకు అనుమతించింది.

నొసలంతా నున్నగా చేయమని చాలామంది అడుగుతారట. ఆమె ఒప్పుకోరు. కనుబొమను పైకెత్తేది నొసటి కండరం ఒక్కటే. దాన్ని పూర్తిగా పడుకోబెడితే కనుబొమలు దిగజారతాయి. 'త్యాగయ్య' సినిమాలో చిత్తూరు నాగయ్యగారి నొసలు కదలకపోతే ఎలా ఉండేదో ఊహించండి! అందుకే నొసటికి ఆమె కొద్దిగానే ఇస్తారు.

రెండు వారాలకు మళ్లీ రమ్మంటారు. మందు పూర్తిగా పట్టేది అప్పటికే. తేడా ఉంటే ఒకటి రెండు యూనిట్లు కలుపుతారు. తక్కువైతే కలపొచ్చు, ఎక్కువైతే, దాని ప్రభావం తగ్గే మూడు నాలుగు నెలల దాకా ఆగాల్సిందే.