నౌకా జాబితాలో ఒక వరుస

డర్బన్‌లో పుట్టి పెరిగిన ఒక తెలుగు కుటుంబం తమ ముత్తాత ఏ ఊరి నుంచి వచ్చాడో తెలుసుకోవాలనుకుంటే చివరికి చేరవలసింది ఒకే చోటికి. అది దక్షిణాఫ్రికాలోని నేటాల్ వలస ప్రభుత్వం నిర్వహించిన నౌకా జాబితాలో ఒక్క వరుస. 1860 నుంచి 1911 వరకు ఒప్పంద కూలీ పద్ధతి కింద మన దేశం నుంచి నేటాల్‌కు 1,52,184 మంది వెళ్లారు. వాళ్లలో మూడింట రెండొంతుల మంది మద్రాసు రేవులోనే ఓడ ఎక్కారు. వీళ్లలో ఎక్కువమంది తమిళులు, తెలుగువాళ్లు. మొదటి ఓడ ట్రూరో 1860 అక్టోబరులో మద్రాసు వదిలి, నవంబరు 16న 342 మందితో డర్బన్ చేరింది. ఆనాటి నుంచి చివరి ఓడ దాకా, దిగినవాళ్లకు మనిషికొక సంఖ్య ఇచ్చి వరుసకొకరి చొప్పున రాసుకుంటూ పోయారు.

ఈ పుస్తకాలు రాయించిన ప్రభుత్వానికి కూలీల వంశచరిత్ర మీద ఆసక్తి లేదు. ఎవరు ఏ తోటలో పనిచేస్తున్నారు, ఎవరి గడువు ఎప్పుడు తీరుతుంది, పారిపోయినవాణ్ణి ఎలా గుర్తుపట్టాలి అన్నవే దానికి కావలసిన లెక్కలు. అయినా ఆ లెక్క తప్పకూడదని పెట్టిన కట్టుదిట్టమే ఇప్పుడు మునిమనవళ్లకు దారి చూపిస్తోంది. అందుకే ఆ వరుసను ఎలా కట్టారో గడి గడినా చూడాలి.

ముందు అది తయారైన తీరు. 1883 నాటి వలస చట్టం ప్రకారం కూలీలను కుదిర్చే మనిషికి లైసెన్సు ఉండాలి. అతను ఒప్పించిన మనిషిని జిల్లాలోని రిజిస్టరింగ్ అధికారి ముందు నిలబెట్టాలి. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు అక్కడ మొదటిసారి కాగితమెక్కుతాయి. తర్వాత ఓడ వచ్చేదాకా కూలీలను ఉంచే మద్రాసు డిపో. అక్కడ వైద్యుడు పరీక్ష చేస్తాడు, వలసల సంరక్షణాధికారి కార్యాలయం వివరాలు సరిచూస్తుంది. ఓడ ఎక్కేవాళ్ల జాబితా ఓడతో పాటే సముద్రం దాటుతుంది. డర్బన్‌లో దిగాక అక్కడి సంరక్షణాధికారి సిబ్బంది ఆ జాబితాను పట్టుకుని మనుషులను లెక్కచూసుకుంటారు. ఎవరిని ఏ యజమానికి అప్పగించిందీ నమోదు చేస్తారు. ఒకే మనిషి వివరాలు ఇన్ని చేతులు మారాయి. ఒకరు రాసినది ఇంకొకరి చూపుకు రావడం ఈ పద్ధతికి మొదటి బలం.

ఇక గడులు. మొదటిది వలస సంఖ్య. తర్వాత పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం. ఆ తర్వాత జిల్లా, తాలూకా లేదా ఠాణా, ఊరు. చివర ఒంటిమీది గుర్తులు. చూడటానికి మామూలు గడులే. కానీ ఒక్కొక్కటి ఒక్కొక్క అనుమానానికి జవాబుగా పెట్టినది. అప్పలస్వాములు ఒకే ఓడలో నలుగురు ఉండవచ్చు, తండ్రి పేరు వాళ్లను విడదీస్తుంది. తండ్రుల పేర్లూ కలిస్తే ఊరు విడదీస్తుంది. రామాపురం, కొత్తపల్లి వంటి ఊళ్లు జిల్లాకు నాలుగైదు ఉంటాయి, అక్కడ తాలూకా గడి ఆదుకుంటుంది. ఇవన్నీ కలిసినా, లేక మనిషి కావాలనే పేరు మార్చి చెప్పినా, ఒంటిమీది గుర్తు మిగులుతుంది. ఎడమ మోకాలి కింద మచ్చ, ముంజేతి మీద పచ్చబొట్టు, నుదుటి మీద పాత గాయం వంటి మాటలు ఆ చివరి గడిలో కనిపిస్తాయి. ఫోటో కూడా లేని ముత్తవ్వ గురించి ఆమె వంశంవాళ్లకు దొరికే ఏకైక రూపవర్ణన చాలాసార్లు అదే.

వీటన్నిటినీ కట్టి ఉంచే దారం మొదటి గడిలోని సంఖ్య. పేరును రాసినవాళ్లు తలొక రకంగా రాశారు, సంఖ్య మాత్రం మారలేదు. యజమాని దగ్గర పని, ఒప్పందం ముగింపు, ఫిర్యాదు, పెళ్లి, పిల్లల పుట్టుక, ఇలా సంరక్షణాధికారి కార్యాలయంలో ఎక్కడ కాగితం పుట్టినా అందులో ఆ సంఖ్య రాయడం పద్ధతి. ఒక పెళ్లి నమోదులో వధూవరుల సంఖ్యలు రెండూ దొరికితే ఒక్కసారిగా రెండు కుటుంబాల తలుపులు తెరుచుకుంటాయి. కలిసి వచ్చిన భార్యాభర్తలకు, పిల్లలకు పక్కపక్క సంఖ్యలు పడటం పరిపాటి. అందుకని అనుభవమున్న పరిశోధకులు ఒక్క వరుస చదివి ఆగిపోరు. పైన పది, కింద పది చదువుతారు. అదే ఊరు, అదే తాలూకా మళ్లీ కనిపిస్తే ఒక గుంపుగా ఇల్లు విడిచినవాళ్లెవరో తెలుస్తుంది. ముత్తాత తమ్ముడో, బావమరిదో అక్కడే బయటపడవచ్చు.

కూలీలు వెళ్లిన మిగతా చోట్లా ఇదే బుద్ధి పనిచేసింది, రూపం మాత్రం వేరు. ఫిజీలో పుస్తకానికి తోడు మనిషికొక వలస పాసు ఉంది. మగవాళ్లకు, ఆడవాళ్లకు విడివిడి పాసులు. వాటి మీద ఓడ పేరు, డిపో సంఖ్య, ఎత్తు, దగ్గరి బంధువు పేరు, పెళ్లయితే ఎవరితో అన్నది, కింద వైద్యుడి ధ్రువీకరణ ఉంటాయి. 1879 నుంచి 1916 వరకు ఫిజీకి 60,965 మంది వెళ్లారు. మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి. ఆ పాసులు సువాలోని జాతీయ పురాలేఖల్లో ఉన్నాయి, మైక్రోఫిల్మ్ ప్రతులు ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయంలో దొరుకుతాయి. ఫిజీలో పుట్టిన చరిత్రకారుడు బ్రిజ్ లాల్ ఉత్తరాది వాళ్ల పాసులు 45,439 ఒక్కొక్కటిగా చదివి, వలస వెళ్లినవాళ్ల ఊళ్లు, కులాలు, వయసులు లెక్కగట్టాడు. 1983లో వచ్చిన ఆయన పుస్తకం ఈ కాగితాల శక్తి ఎంతో చూపించింది. మారిషస్‌లో 1860ల నుంచి ఫోటోలు కూడా తీశారు. అక్కడి దస్త్రాలు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థ భద్రపరుస్తోంది. ముత్తాత సంఖ్య తెలిసిన వారసులకు అక్కడ ఆయన ముఖం కూడా దొరికే అవకాశం ఉంది.

నేటాల్ జాబితాలో దూరాన కూర్చుని వెతికేవాళ్లకు ఒక క్రమం ఉంది. దాన్ని తలకిందులు చేస్తే దారి తప్పుతుంది. మొదట ఇంట్లో ఉన్న కాగితాలు: పాత పెళ్లి పత్రం, జనన ధ్రువీకరణ, ట్రంకు అడుగున మిగిలిన ఒప్పందం ముగింపు పత్రం. వీటిలో ఎక్కడైనా వలస సంఖ్య ఉందేమో చూడాలి. లేకపోతే మరణ నివేదిక. దక్షిణాఫ్రికాలో చనిపోయినవారి ఆస్తి వ్యవహారం కోసం నింపే ఈ ఫారంలో తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన చోటు, పిల్లల పేర్లు రాస్తారు. నేటాల్ ఆస్తి దస్త్రాల్లో చాలావాటి చిత్రాలు ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటులో డబ్బు కట్టకుండా చూడవచ్చు. వలస శాఖ దస్త్రాల సూచికను దక్షిణాఫ్రికా జాతీయ పురాలేఖల వెబ్‌సైటులో పేరుతోనూ సంఖ్యతోనూ వెతకవచ్చు. సంఖ్య చేతికొచ్చాకే నౌకా జాబితా తెరవాలి. సంఖ్య లేకుండా పేరుతో మొదలుపెడితే ఒక్క పేరుకు వందలమంది ఎదురవుతారు.

వరుస దొరికాక దాన్ని చదవడం మరో విద్య. చెప్పింది తెలుగు మనిషి, రాసింది ఇంగ్లీషు అక్షరాల్లో. ఆ మధ్యలో తమిళం మాట్లాడే గుమాస్తా ఉన్నాడేమో కూడా చూసుకోవాలి, తమిళ లిపిలో క, గలకు ఒకటే అక్షరం, త, దలకు ఒకటే అక్షరం. ఇంగ్లీషు ‘టి’ వెనక త ఉండవచ్చు, ట ఉండవచ్చు. ‘డి’ వెనక ద, డ రెండూ నిలబడతాయి. ల, ళల తేడా, దీర్ఘం ఆ అక్షరాల్లో నిలవవు. కాబట్టి కాగితం మీది ఊరి పేరును కళ్లతో కాకుండా నోటితో చదవాలి. పైకి అంటూ, వీలైన తెలుగు రూపాలన్నీ రాసుకోవాలి. చివరి ముక్క సాయం చేస్తుంది. వలస అని ముగిస్తే చూపు ఉత్తరాంధ్ర వైపు వెళ్లాలి, లంక అంటే గోదావరి, కృష్ణా డెల్టాలు. మనిషి పేరూ జాడ చెబుతుంది. అప్పన్న, అప్పలనరసయ్య అంటే సింహాచలం, పైడమ్మ అంటే విజయనగరం పైడితల్లి గుర్తుకు రావాలి. జిల్లా గడి చెరిగిపోయిన వరుసలో ఇలాంటి పేరు ఒక్కటి మిగిలినా వెతకవలసిన నేల చాలా తగ్గుతుంది.

తర్వాత పరీక్ష జిల్లాల సరిహద్దులు. వరుసలో రాసింది ఆ నాటి జిల్లా. 1911కు ముందు చిత్తూరు, చంద్రగిరి ప్రాంతాల వాళ్లు ఉత్తర ఆర్కాటు కింద కనిపిస్తారు. 1904 దాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాది, గుంటూరు కృష్ణా జిల్లాలో భాగం. 1882కు ముందు అనంతపురం బళ్లారి జిల్లాలో ఉండేది. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. 2022లో మళ్లీ మారాయి. ఆ కాలపు జిల్లాలో ఏ తాలూకాలు ఉండేవో తెలుసుకోవడానికి పాత జిల్లా మాన్యువళ్లు, గెజిటీర్లు ఉన్నాయి. కార్మైకేల్ విశాఖపట్నం మాన్యువల్ 1869లో, బాస్‌వెల్ నెల్లూరు మాన్యువల్ 1873లో, ఫ్రాన్సిస్ విశాఖపట్నం గెజిటీర్ 1907లో వచ్చాయి. ఇలాంటివి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. టెక్సాస్ విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో పెట్టిన పాత సైనిక పటాల్లో చిన్న చిన్న పల్లెల పేర్లు కూడా కనిపిస్తాయి. పటం మీద తాలూకా కేంద్రం చుట్టూ చూపు తిప్పుతూ, రాసుకున్న తెలుగు రూపాలతో ఒక్కొక్క పల్లె పేరు పోల్చుకుంటూ పోతే ఊరు బయటపడుతుంది.

ఊరు దొరికాక మన వైపు కాగితాలు రావాలి. ఇక్కడ ఊరి స్వభావం తెలియాలి. రైతువారీ గ్రామమైతే ఏ భూమి ఎవరి పేరున ఉందో రాసిన రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ ఉంటుంది. మనవాళ్లు ఆర్‌ఎస్‌ఆర్ అంటారు. విజయనగరం, బొబ్బిలి వంటి జమీందారీల కింద ఉన్న గ్రామమైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ చూడాలి. ముత్తాత వెళ్లింది అంతకు ఎన్నో ఏళ్ల ముందు కాబట్టి అందులో ఆయన పేరు కనిపించదు. ఊళ్లో మిగిలిన అన్నదమ్ముల సంతతి పేర్లు కనిపించవచ్చు. అదీ ఆ ఇంటికి భూమి ఉంటేనే. ఓడ ఎక్కినవాళ్లలో ఎంతోమందికి సెంటు భూమి లేదు.

ఇక్కడ నౌకా జాబితాలో ఉన్న ఒకే ఒక పెద్ద లోటు బయటపడుతుంది. ఇంత జాగ్రత్తగా గడులు గీసినవాళ్లు ఇంటిపేరుకు గడి పెట్టలేదు. వాళ్లకు ఒక పేరు, తండ్రి పేరు చాలు. నేటాల్‌లో ఆ ఒక్క పేరో, నాయుడు, రెడ్డి వంటి గౌరవపదమో తర్వాతి తరాలకు ఇంటిపేరుగా స్థిరపడింది. అందువల్ల డర్బన్ నుంచి వచ్చిన మనిషి చెప్పే ఇంటిపేరుకు ఊళ్లో ఎవరూ స్పందించరు. ఊళ్లోవాళ్లు గుర్తుపట్టగల ఇంటిపేరు కాగితంలో లేదు. అది అక్కడి పెద్దవాళ్ల నోట మిగలాలి, లేదా ఇక్కడి పెద్దవాళ్ల జ్ఞాపకంలో ఉండాలి. ‘మా తాత తమ్ముడు ఎప్పుడో ఓడెక్కి వెళ్లిపోయాడట, తిరిగి రాలేదట’ అన్న ఒక్క మాట, వరుసలోని తండ్రి పేరుతో, ఊరితో కలిస్తే పని పూర్తవుతుంది. అంతకు మించిన సాక్ష్యం ఏ పుస్తకంలోనూ లేదు.

ఒక గుమాస్తా చేతిలో నిమిషాల్లో పూర్తయిన వరుస ఇంతకాలం తర్వాత సముద్రానికి రెండు వైపులా ఉన్నవాళ్లను కలపగలుగుతోంది. దాన్ని కట్టినవాళ్లు దేన్నీ ఒకే ఆధారం మీద నిలపలేదు. పేరు పోతే తండ్రి పేరు, ఊరు పోతే తాలూకా, అన్నీ పోతే మచ్చ, వీటన్నిటికీ వెన్నెముకగా సంఖ్య. వంశచరిత్ర రాసుకునే ఎవరైనా దీని నుంచి నేర్చుకోవలసింది ఉంది. మనం ఇళ్లలో రాసుకునే వంశవృక్షాల్లో పేర్లు ఉంటాయి. ఊరు, తాలూకా, పుట్టిన ఏడు, ఆడపడుచులు ఏ ఇంటికి వెళ్లారన్నది చాలావాటిలో ఉండవు. ఆ గడులు మనమే గీసుకుని, తెలిసినవాళ్లు ఉండగానే నింపాలి.

ఇంకొక పని ఊళ్లో ఉన్నవాళ్లదే. దక్షిణాఫ్రికా నుంచో, ఫిజీ నుంచో, మారిషస్ నుంచో ఒక తండ్రి పేరు, ఒక ఊరి పేరు రాసి, ‘ఈ ఇంటివాళ్లు ఎవరైనా ఉన్నారా’ అని అడుగుతూ ఉత్తరం వస్తే పక్కన పడేయకండి. ఊరి పెద్దలకు చదివి వినిపించండి. ఇంటిపేరు తెలిస్తే రాయండి, తెలియకపోతే తెలియదని రాయండి. ఆ రెండో జవాబు కూడా వాళ్లకు ఒక గడి నింపుతుంది.