గ్రంథులే గుణాలా?
(డాక్టరు బెర్మన్ పుస్తకంపై ఒక విమర్శ)

1921లో న్యూయార్కు వైద్యుడు డాక్టరు లూయీ బెర్మన్ ఒక పుస్తకం ప్రకటించాడు. దాని పేరును తెలుగులో ‘వ్యక్తిత్వాన్ని నియంత్రించే గ్రంథులు’ అని చెప్పుకోవచ్చు. నూరేళ్ళు దాటిన పుస్తకాన్ని ఇప్పుడు విమర్శకు తీసుకోవడం ఎందుకని పాఠకులు అడగవచ్చు. పుస్తకం పాతబడింది గాని అందులోని మాట పాతబడలేదు. కోపిష్టి మనిషిని చూచి “వాడికి ఎడ్రినలిన్ ఎక్కువ” అంటారు. పదహారేళ్ళ పిల్లవాడు ఎదురు చెబితే “అన్నీ హార్మోన్లే” అని నవ్వుతారు. బద్ధకస్థురాలని పేరుపడ్డ కోడలికి థైరాయిడ్ అంటగడతారు. (నిజంగా ఆ జబ్బు ఉన్న కోడలిని బద్ధకస్థురాలనడం కూడ కద్దు.) ఇటువంటి మాటలకు మూలపురుషుడు బెర్మన్ ఒక్కడే కాదు. అయితే వాటికి ఒక సిద్ధాంతం తొడుగు తొడిగినవారిలో ఆయన ముఖ్యుడు.

ముందుగా ఆయన పక్షాన చెప్పవలసినది చెప్పాలి. లాలాజలానికి, చెమటకు నాళాలున్నవి; ఆ రసాలు వాటి గుండా బయటికి వస్తాయి. నాళాలు లేని గ్రంథులు తమ స్రావాలను నేరుగా రక్తంలోకి వదులుతాయి కనుక వాటికి వినాళ గ్రంథులని పేరు. బెర్మన్ కలం పట్టేనాటికి వీటిని గూర్చి కొన్ని అద్భుతమైన సంగతులు తెలిసి ఉన్నవి. 1891లో ఇంగ్లండులో జార్జి మర్రే అనే యువ వైద్యుడు, అవటుగ్రంథి అనగా థైరాయిడ్ క్షీణించి ముఖం ఉబ్బి, మాట మందగించిన ఒక స్త్రీకి గొర్రె థైరాయిడ్ సారం ఎక్కించాడు. ఆమె తేరుకొని మరి 28 ఏళ్ళు జీవించింది. 1902లో లండనులో బేలిస్, స్టార్లింగ్ శాస్త్రజ్ఞులు చిన్నప్రేగునుంచి రక్తం ద్వారా క్లోమానికి కబురు మోసే సెక్రిటిన్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. హార్మోను అనే మాటను స్టార్లింగ్ 1905లో వాడుకలోకి తెచ్చాడు. 1914లో కెండాల్ థైరాక్సిన్‌ను స్ఫటికాలుగా వేరుచేశాడు.

కాబట్టి బెర్మన్ ఉత్సాహం గాలిలోనుంచి పుట్టలేదు. రవ్వంత గ్రంథి సారంతో మొద్దుబారిన మనిషి తిరిగి మామూలు మనిషైతే, మనిషి స్వభావమంతా ఆ సారంలోనే ఉన్నదనిపించడం సహజం. కాని తర్కం ఇక్కడే జారింది. దీపంలో చమురు అయిపోతే చదువు ఆగిపోతుంది. అంతమాత్రాన చదివేవాడి తెలివి చమురులో ఉన్నదనలేము. థైరాక్సిన్ బొత్తిగా లోపిస్తే బుద్ధి మందగిస్తుందన్నది రుజువైన విషయం. ఆరోగ్యవంతులైన ఇద్దరిలో ఒకడు చురుకు, ఒకడు నిదానం కావడానికి కూడ థైరాక్సినే కారణమన్నది వేరే ప్రతిపాదన. దానికి వేరే రుజువు కావాలి. బెర్మన్ మొదటిదాని రుజువును రెండవదానికి సునాయాసంగా వాడుకున్నాడు.

తరువాతి అధ్యాయాలలో ఆయన మనుష్యులను థైరాయిడ్ ప్రధానులు, పీయూషగ్రంథి ప్రధానులు, అధివృక్కగ్రంథి ప్రధానులు అంటూ తరగతులు చేశాడు. ఆపైన నెపోలియన్, సీజర్, డార్విన్, నీషే, ఫ్లారెన్స్ నైటింగేల్ వంటివారికి గ్రంథులు నిర్ణయించాడు. నెపోలియన్ విజయాలూ పతనమూ ఆయన పీయూషగ్రంథి ఉచ్ఛనీచాలే! ఇది చదవడానికి ఎంతో సొగసుగా ఉంటుంది. కాని నెపోలియన్ 1821లో చనిపోయాడు. రక్తంలో అతిసూక్ష్మ పరిమాణంలో ఉండే ఇన్సులిన్ వంటి హార్మోన్లను కొలిచే సాధనం యాలో, బెర్సన్‌ల కృషివలన 1960 ప్రాంతంలో గాని రాలేదు. కొలత లేనిచోట బెర్మన్ గెలిచినవాడిలో గ్రంథి బలాన్ని, ఓడినవాడిలో గ్రంథి క్షీణతను చూచాడు. జరిగిపోయిన జీవితానికి జాతకం వ్రాస్తే తప్పు పోయే ప్రమాదం లేదు.

థైమస్ విషయంలో పొరపాటు మరీ పెద్దది. దానిని కూడ వ్యక్తిత్వాన్ని శాసించే గ్రంథిగా భావించి, యౌవనంలో కుంచించుకుపోని థైమస్‌ను నేరప్రవృత్తితో ముడిపెట్టాడు. థైమస్ ముఖ్యమైన పని రోగనిరోధక కణాలను తయారుచేయడమని 1961లో జాక్ మిల్లర్ పరిశోధన చూపింది. పసిపిల్లలలో అది పెద్దదిగానే ఉంటుంది. ఆ సంగతి తెలియక, పెరిగిన థైమస్ ప్రాణాంతకమని భయపడి, ఆ రోజులలో అమెరికాలో వేలాది పసివాళ్ళ ఛాతీపై ఎక్స్-కిరణాలు ప్రసరింపజేశారు. వారిలో కొందరికి తరువాత థైరాయిడ్ కేన్సరు వచ్చింది. ఈ చికిత్సకు బెర్మన్ బాధ్యుడు కాడు. కాని గ్రంథుల విషయమై ఆ కాలపు తొందరపాటు ఎంతదాకా పోయిందో ఇందువలన తెలుస్తుంది.

పుస్తకంలో ఒక అధ్యాయం మాత్రం నేటికీ చదవదగ్గది. అక్కడ బెర్మన్ గ్రంథులను ఒకదానితో ఒకటి పెనవేసుకున్న కంపెనీ డైరెక్టర్ల మండలితో పోలుస్తాడు. ఆయన తరువాత వచ్చిన ఎందరో రచయితలు పీయూషగ్రంథిని గ్రంథులన్నిటికీ రాజును చేశారు. మన పాఠ్యపుస్తకాలలోనూ ఆ రాజు సింహాసనం దిగలేదు. వారికన్న బెర్మనే నయం. అయితే డైరెక్టర్లు ఒకరినొకరు అదుపులో పెట్టుకునే విధానం ఆయనకు తెలియదు. 1932లో షికాగోలో కార్ల్ మూర్, డొరొతీ ప్రైస్ అది చూపించారు. ఎలుకలకు బీజకోశ హార్మోను ఎక్కిస్తే వాటి సొంత బీజకోశాలే కుంచించుకుపోతాయి. దానితోపాటు పీయూషగ్రంథి స్రావం కూడ ఇస్తే అవి కుంచించుకుపోవు. అనగా రక్తంలో హార్మోను హెచ్చితే పీయూషగ్రంథి తన ప్రేరణను తగ్గిస్తుంది. అది తగ్గితే బీజకోశం నెమ్మదిస్తుంది. సేవకుడనుకున్నవాడి మాట రాజు వింటున్నాడన్నమాట.

థైరాయిడ్‌దీ ఇదే పద్ధతి. మెదడు అడుగుభాగాన ఉన్న హైపోథాలమస్ పీయూషగ్రంథిని ప్రేరేపిస్తుంది. అది టి.ఎస్.హెచ్. అనే హార్మోనుతో థైరాయిడ్‌ను ప్రేరేపిస్తుంది. థైరాక్సిన్ చాలినంత కాగానే పై రెండూ తగ్గుతాయి. హైపోథాలమస్ పంపే ఆ మొదటి కబురు ఎటువంటి పదార్థమో గియెమాన్, షాలీ బృందాలు లక్షల సంఖ్యలో గొర్రెల, పందుల మెదళ్ళను శోధించి 1969లో తేల్చాయి. రక్తపరీక్ష చీటీలో టి.ఎస్.హెచ్. ఎక్కువ అని చూచి “నాకు థైరాయిడ్ ఎక్కువైంది” అనుకునేవారు చాలామంది ఉన్నారు. సాధారణంగా సంగతి తారుమారు. థైరాయిడ్ తగినంత పనిచేయడం లేదు గనుకనే పీయూషగ్రంథి గొంతు పెంచింది.

పైగా రాజుగారి ఆజ్ఞ అంతటా చెల్లదు. పారాథైరాయిడ్ గ్రంథులు రక్తంలోని కాల్షియం మట్టాన్ని చూచి పనిచేస్తాయి. ఇన్సులిన్ ముఖ్యంగా చక్కెర మట్టాన్ని అనుసరిస్తుంది. ఎడ్రినలిన్‌ను విడుదల చేయించేవి నాడులు. ఇక కబురు అందినంతమాత్రాన చాలదు. అందుకునే కణంలో తగిన గ్రాహకం ఉండాలి. కొందరిలో క్రోమోజోములు పురుషునివే, టెస్టోస్టిరోన్ పుష్కలమే. అయినా గ్రాహకం పనిచేయకపోతే శరీరం బాహ్యంగా స్త్రీ శరీరంగా పెరుగుతుంది. రసం పాలు ఎంతో లెక్కకట్టి మనిషిని నిర్ణయించే సిద్ధాంతానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

బెర్మన్ దృష్టి శరీరం దాటి పోలేదు. ఆయన పుస్తకం వచ్చిన 1921లోనే శ్రీకాకుళంలో వులిమిరి రామలింగస్వామి జన్మించాడు. విశాఖపట్నంలో ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన ఈ శాస్త్రజ్ఞుడు 1956లో సహచరులతో కలిసి హిమాలయాల చెంత కాంగ్రా లోయలో గళగండంపై పరిశోధన ఆరంభించాడు. అక్కడి మట్టిలో, నీటిలో అయొడిన్ స్వల్పం. అయొడిన్ లేక థైరాక్సిన్ తయారు కాదు. థైరాక్సిన్ తగ్గితే టి.ఎస్.హెచ్. పెరుగుతుంది, ఆ ప్రేరణ ఆగకపోతే గ్రంథి ఉబ్బి గొంతుకింద వేలాడుతుంది. పైన చెప్పిన అదుపు పద్ధతే ఇక్కడ కంటికి కనిపించే వాపుగా మారింది. బెర్మన్ ఆ లోయకు వచ్చి ఉంటే థైరాయిడ్ తక్కువ మనుష్యులని ఒక తరగతిలో వ్రాసుకొని పోయేవాడు కాబోలు.

పరిశోధకులు లోయను మూడు మండలాలుగా విభజించారు. రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు అందేటట్లు చేశారు. సుమారు అయిదారేళ్ళు గడిచేసరికి మొదటి రెండింటి పిల్లలలో గళగండం ఇంచుమించు సగానికి దిగింది. మూడవదానిలో ఏమీ తగ్గలేదు. 1962లో భారత ప్రభుత్వం జాతీయ గళగండ నివారణ పథకం ప్రారంభించింది. ఫలితాలు తేలిన తరువాత ఆ మూడవ మండలానికి కూడ అయొడిన్ ఉప్పే పంపారు. కొన్నేళ్ళకు అక్కడి పిల్లల మెడలలోనూ వాపు తగ్గుముఖం పట్టింది.